వెయ్యి లోపు వింత యేది: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

మూలం

పాట వినగ వలయుఁ బత్తి చేలోనైన
ఛార్జి రెండు నాళ్లు చచ్చిపోక
జేబు చిరుగకుండ చెమటకుఁ జెడకుండ
వెయ్యి లోపు దొరుకు వింత యేది?

అవతారిక

చెడ్డ వ్యాఖ్యల విషం ఎక్కి కాళిదాసు కవిత మూర్ఛపోయిందనీ, దాన్ని లేపి కూర్చోబెట్టడానికే తన సంజీవని అనీ మల్లినాథసూరి చెప్పుకున్నాడు. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు కూడా పెట్టుకున్నాడు. మొదటి ఒట్టు మేమూ పెట్టుకుంటున్నాం. రెండోది మా వల్ల కాదు. అక్కర్లేనిది చెప్పకూడదంటే వ్యాఖ్యాతకి ఇక పనేముంది? మా వ్యాఖ్య పేరు కర్ణసంజీవని. ఇక్కడ మూర్ఛపోయినవాడు కొనుగోలుదారు, ఎక్కిన విషం ప్రకటనలది.

పద్యం దొరికింది దర్శిలో, ఒక పురుగుమందుల బిల్లు వెనక. కవి పేరు లేదు. ఈ ప్రాంతానికి పద్యం కొత్తేమీ కాదు. పక్కనున్న అద్దంకిలో 848లో పండరంగడు రాయి మీద తరువోజ చెక్కించాడు, తెలుగులో దొరికిన తొలి పద్యశాసనంగా పండితులు దాన్నే చెబుతారు. అదే అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి కొలువుదీరితే ఎర్రాప్రగడ ఆ కొలువులో కూర్చున్నాడు. పాటా పరాయిది కాదు. ఇక్కడికి పడమటగా ఉన్న కాకర్ల, త్యాగరాజు పూర్వీకుల ఊరంటారు, ఆయన ఇంటిపేరే సాక్షి. పద్యానికీ పాటకీ ఇంత వంశం ఉన్న చోట పరాయిగా కనబడేది ‘ఛార్జి’ ఒక్కటే.

కాలనిర్ణయానికి ఆధారమూ ఆ మాటే. ట్రాన్సిస్టరు రోజుల్లో సెల్లు మార్చడమే గాని ఛార్జి ఎక్కించడం లేదు. కనక ఊళ్లోకి సెల్‌ఫోను దిగాకే ఈ పద్యం పుట్టింది. ‘బ్లూటూతు’ లేదు గనక మరీ నిన్నమొన్నటిది కాదని కొందరంటారు. ఆ మాట ఛందస్సులో ఇమడక వదిలేశారని మరికొందరు. రెండోవాళ్లకి గణాలు రావు. బ్లూటూతు నిక్షేపమైన తగణం, బేసి పాదం చివర హాయిగా కూర్చుంటుంది. కవి కావాలనే వదిలేశారని మా వాదం. ఎందుకో కింద తెలుస్తుంది.

యతి సంగతి ఒక్క మాట. ఛార్జికీ చచ్చికీ యతి కుదిరింది. బ్యాటరీ గురించి ఇంతకంటే చెప్పవలసింది లక్షణ గ్రంథాల్లో లేదు.

టీక

పాట వినగ వలయున్ = పాట వినవలెను. ధ్వని వినవలెను అనలేదు, గమనించాలి. ఈ తేడా తెలియనివాళ్లు అట్టపెట్టె మీది అంకెలు చదువుతూ కొట్లోనే పొద్దు గుంకిస్తారు. ఆ అంకెల కథ ఇదీ. సీడీకి ధ్వనిని సెకనులో 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతని 16 బిట్లలో రాస్తారు. రెండు చెవులకీ కలిపి సెకనుకి 1,411 కిలోబిట్లు, అంటే నిమిషానికి సుమారు 10 ఎంబీలు. ఎంపీ3 చేసేటప్పుడు, చెవి ఎటూ పట్టుకోలేదనుకున్నదంతా ఏరి పారేసి 128 కిలోబిట్లకి దించితే, నిమిషం పాట ఒక్క ఎంబీలో సర్దుకుంటుంది. ఫ్లాక్ అనే పద్ధతి ఏమీ పారెయ్యదు, మడతపెట్టి సీడీలో సుమారు సగానికి తెస్తుంది. పాత ఎంపీ3ని ఫ్లాక్‌గా మార్చి ‘ఒరిజినల్ క్వాలిటీ’ అని ఇచ్చేవాళ్లున్నారు. పారేసింది తిరిగి రాదు, మెమరీ కార్డులో చోటు మాత్రం పోతుంది.

దర్శిలో ఇప్పటికీ చాలామందికి పాటలు వచ్చేది సెల్ కొట్టు నుంచే. చిప్పు ఇస్తే కుర్రాడు కంప్యూటరుకి తగిలించి ‘పాతవా, కొత్తవా, జానపదాలా, అయ్యప్పవా?’ అని అడిగి ఎక్కించి ఇస్తాడు. కాపీహక్కుల చట్టం ఈ పని గురించి ఏమంటుందో ఆ కుర్రాడికీ తెలుసు, మేం గుర్తు చెయ్యం. 32 జీబీ కార్డులో అయిదు నిమిషాల పాటలు 6,000కి పైగా పడతాయి. అన్నీ వినేవాళ్లు లేరు. బటన్ ఫోనులో వెతకడం ఓపిక లేని పని, అందుకని మొదట వచ్చే పాటలే మళ్లీ మళ్లీ మోగుతాయి. ఆరువేలు ఎక్కించమనే బదులు రెండొందలు ఎక్కించి, ఫోల్డర్లుగా విడగొట్టమని అడిగినవాళ్లే తెలివైనవాళ్లు.

ఇక 24 బిట్లు, 192 కిలోహెర్ట్‌జ్ అంటూ పెట్టె మీద బంగారు రంగు ముద్ర ఒకటి ఉంటుంది. గాలి ఈలవేస్తూ, పక్క సాలులో పెళ్లి సంబంధం మాట్లాడుకుంటూ ఉంటే ఆ తేడా వినగలిగిన చెవి మాకు ఇంతవరకూ తారసపడలేదు.

బత్తి చేలోనైన = పత్తి చేలో అయినా సరే. పత్తే ఎందుకు? సాగర్ కుడి కాలువ నీళ్లు దర్శి బ్రాంచి మీదుగా పారే చోట వరి కూడా ఉంది. వరినాట్లలో వంగితే జేబులోది బురదలో పడుతుంది, అది మొదటి కారణం. పత్తి తీతలో నడుముకి ఒడి కట్టుకుని, రెండు చేతులూ కళ్లూ కాయల మీద పెట్టి, పొద్దున్నించి సాయంత్రం దాకా నిలబడి చేసే పనిలో చెవులొక్కటే ఖాళీ. వినడానికి ఇంతకంటే అనువైన వృత్తి లేదు.

కొన్ని ప్రతుల్లో ‘మిర్చి చేలోనైన’ అని పాఠాంతరం. గుంటూరు యార్డు మీద అభిమానంతో ఎవరో దిద్దారు. గ్రాహ్యం కాదు. పకారానికీ మకారానికీ ఇక్కడ యతి చెల్లదన్నది చిన్న దోషం. పెద్ద దోషం వేరే ఉంది. మిరపకాయలు కోసిన చేత్తో చెవిలో బడ్డు సర్దుకున్నవాళ్లు ఆ పాఠాన్ని ఒప్పుకోరు. మిరపలోని క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. నీళ్లతో ఎంత కడిగినా మంట పోకపోవడం అందుకే. ముందు చేతికి కాస్త నూనె రాసి తుడిచి, ఆ తర్వాత సబ్బు పెట్టుకోవాలి. ఆ చేత్తో మాత్రం పాట మార్చకూడదు. వచ్చిన పాటే వినాలి.

ఛార్జి రెండు నాళ్లు చచ్చిపోక = రెండు రోజులు ఛార్జి నిలుస్తూ. ఒక్కరోజు చాలదా అంటే చాలదు. ఇంట్లో ఫోన్లు నాలుగు, ఛార్జరు ఒకటి, రాత్రి అది పిల్లల టచ్ ఫోనుకే దక్కుతుంది. పద్యం బ్లూటూతుని ఎందుకు వదిలేసిందో ఇక్కడ అర్థమవుతుంది. చెవిలో పెట్టుకునే బడ్సులో ఒక్కోదాని బ్యాటరీ గోరంత. ఒకసారి నింపితే చాలావాటికి నాలుగైదు గంటలే. ‘24 గంటలు’ అని రాసేది డబ్బా ఛార్జిని కూడా కలిపి. మధ్యాహ్నం అన్నాల వేళకి బడ్సు నిద్రపోతే, డబ్బాలో పడుకోబెట్టి జోకొట్టాలి. మెడలో వేసుకునే నెక్‌బ్యాండు ఇంకాస్త నయం, రోజు దాటిస్తుంది. కానీ రెంటికీ ఒకటే జబ్బు: కొన్ని వందలసార్లు ఛార్జి ఎక్కాక బ్యాటరీ ముసలిదవుతుంది, దాన్ని విప్పి మార్చడం కుదరదు. బటన్ ఫోను మూత గోటితో ఊడుతుంది. బీఎల్-5సీ అనే 1,020 ఎంఏహెచ్ బ్యాటరీ ఏ ఊరి కొట్లో అడిగినా దొరుకుతుంది. తెర చిన్నది గనక పాటలు మోగిస్తూ కూడా రెండు రోజులు నిక్షేపంగా లాగుతుంది. ఏప్రిల్ ఎండలో దాన్ని గట్టు మీద పెట్టి పోకూడదు, లిథియానికి వేడి పడదు.

జేబు చిరుగకుండ = బరువుకి జేబు చినిగిపోకుండా. ఇక్కడ పండితుల మధ్య పెద్ద గొడవ. జేబు ఉంది గనక కవి మగవాడని ఒక వర్గం. చీరకి జేబేది, ఆడవాళ్లయితే రొంటిన దోపుకుంటామని రాసేవాళ్లు అని వాళ్ల తర్కం. ఈ పండితులు పత్తి చేను చూడలేదు. కూలికి వచ్చే ఆడవాళ్లు ఎండకీ గీతలకీ ఓర్చుకోవడానికి చీర మీద మొగుడిదో కొడుకుదో పాత చొక్కా తొడుక్కుంటారు. ఆ చొక్కాకి జేబుంటుంది. ఉతికి ఉతికి నలిగిన గుడ్డ గనకే అది చిరుగుతుందన్న బెంగ. మగవాడి కొత్త చొక్కా జేబు గురించి ఎవరూ బెంగపడరు. కాబట్టి ఈ పద్యం రాసింది కవయిత్రే. ఇక ముందు అలాగే పిలుస్తాం.

1979 జులై 1న జపాన్‌లో అమ్మకానికొచ్చిన సోనీ మొదటి వాక్‌మన్ కూడా ఈ జేబు పరీక్షలో నెగ్గేది కాదు. క్యాసెట్టూ సెల్లూ పెడితే నాలుగొందల గ్రాములకి దగ్గర.

జేబుతో ఇంకో చిక్కుంది, పద్యం అది సూచించి వదిలేసింది. పత్తి తీసేవాళ్ల జేబులో దూది నుసి చేరుతుంది. అది ఇయర్‌ఫోను పిన్ను దూరే రంధ్రంలో కూరుకుని, దోపినప్పుడల్లా గట్టిపడుతుంది. కొన్నాళ్లకి పిన్ను పూర్తిగా దిగదు. అప్పుడు జరిగే వింతని చాలామంది ఫోను పాడైందనుకుంటారు. పిన్ను సగమే దిగితే ఉమ్మడి తీగ అంటదు. ఎడమ, కుడి చానెళ్ల మధ్య తేడా మాత్రమే చెవికి చేరుతుంది. స్టీరియో పాటలో గాయని గొంతు సాధారణంగా రెండు చానెళ్లలోనూ సమానంగా ఉంటుంది కనక తీసివేతలో ఆమె మాయమైపోతుంది, వెనకాల వయొలిన్లు మాత్రం నూతిలోంచి వినబడతాయి. మోనో పాటైతే తేడా సున్నా కనక మొత్తం పాటే మాయం. ఫోను ఆపి, సన్నటి చెక్క పుల్లతో ఆ దూది ముద్ద లాగెయ్యండి. గాయని తిరిగొస్తుంది. కొత్త ఫోను కొననక్కర్లేదు.

చెమటకుఁ జెడకుండ = చెమటకి పాడవకుండా. పెట్టె మీద ఐపీఎక్స్4 అని ఉంటే ఏ పక్క నుంచి నీళ్లు చిందినా తట్టుకుంటుందని పరీక్షించారని. ఆ ‘ఎక్స్’ని ఎవరూ చూడరు. అది దుమ్ముకి సంబంధించిన అంకె ఉండవలసిన చోటు. ఎక్స్ అంటే దుమ్ము పరీక్ష సంగతి చెప్పడం లేదని. ఐటీ ఆఫీసు జిమ్ములో పరిగెత్తేవాడికి అది చాలు. దర్శిలో వేసవి దుమ్ముకి చాలదు. ఐపీ54, ఐపీ55 అని రెండంకెలూ ఉన్నదే అడగాలి. చెమట ఉట్టి నీళ్లూ కాదు, అందులో ఉప్పుంది, చెవి దగ్గరి సన్నటి లోహపు జాలీని అది తింటుంది. రాత్రి తడి లేని గుడ్డతో తుడిచే అలవాటు ఏ అంకె కన్నా మేలు. చెవుల్ని మొత్తం మూసే పెద్ద హెడ్‌ఫోన్ల ఊసు పద్యంలో లేదు. తలగుడ్డ మీద అవి నిలవవు, నిలిచినా లోపల చెవులు ఉడుకుతాయి.

వెయ్యి లోపు దొరుకు = వెయ్యి రూపాయల లోపల లభించే. ఇక్కడ శ్లేష ఉందని నవీనులు. 2001 అక్టోబరు 23న ఆపిల్ ప్రకటించిన మొదటి ఐపాడ్ 5 జీబీలో 1,000 పాటలు పట్టేది, కాబట్టి వెయ్యి అంటే పాటలని వాళ్ల అర్థం. ‘లోపు’ అన్న మాటకి ఆ అర్థంలో దిక్కేది? పైగా దాని వెల 399 డాలర్లు. 2022 మేలో ఆపిల్ ఐపాడ్ల తయారీ మానేసింది. శ్లేష కూడా దానితోపాటే పోయింది. వెయ్యి అంటే రూపాయలే.

వింత యేది = అట్టి ఆశ్చర్యకరమైన వస్తువు ఏది? ప్రశ్నార్థకం. లేదన్న అర్థంలో ప్రశ్న వేసిందా, నిజంగా తెలియక అడిగిందా అన్నది తాత్పర్యంలో తేలుస్తాం.

తాత్పర్యం

బరువు లేనిదీ, బ్యాటరీ నిలిచేదీ, చెమటకి ఓర్చేదీ అయిన పాటల సాధనం తక్కువ ధరకి ఏదైనా ఉందా అని ఒక పత్తి కూలి నిజంగానే తెలియక అడుగుచున్నదని భావము.

పూర్వపక్షం

టచ్ ఫోనే ఉండగా వేరే సాధనం ఎందుకని వాది అడుగుతాడు. టచ్ ఫోను ఇంటికి ఒకటి, అది డిగ్రీ చదివే కూతురి దగ్గరుంటుంది. పైగా 2016 సెప్టెంబరులో ఐఫోను 7 ఇయర్‌ఫోను రంధ్రాన్ని తీసేసినప్పటి నుంచి మిగతా కంపెనీలకీ అదే పాడు పోకడ పట్టింది. ఆ ఫోన్లకి తీగ తగిలించాలంటే మధ్యలో ఇంకో ముక్క కొనాలి.

సారెగామా వారి కారవాన్? 2017లో వచ్చింది, పాటలు ముందే నింపి ఉంటాయి, మీట తిప్పితే చాలు, తెలుగులోనూ ఉంది. మంచిదే, తాతయ్యకి కొనివ్వండి. అది వసారా వస్తువు. దాని వెలలో వెయ్యి ఒక వాటా మాత్రమే.

చొక్కాకి తగిలించుకునే చిన్న చైనా ప్లేయరు ఉంది కదా, రెండు మూడొందలకే? అందులో పాట పేరు కనబడదు, రేడియో పలకదు, ఇంటి నుంచి పిల్లాడికి జ్వరమని కబురొస్తే మోగదు. ఈ మూడోదే దాన్ని కొట్టేసింది.

సిద్ధాంతం

సాధనం అడిగారు గాని, ముందు తేల్చుకోవలసింది చెవి. పాటకీ మనిషికీ మధ్య ఎక్కువ పాడుచేసేది చివరి అంగుళమే. చెవిలో దూరే ఇయర్‌ఫోనుతో పాటు చిన్నా పెద్దా రబ్బరు టోపీలు అదనంగా ఇస్తారు. చాలామంది వాటిని పెట్టెతో సహా పారేస్తారు. చెవికి సరిపోని టోపీ పెడితే సందుల్లోంచి గాలి పోయి మద్దెల, బేసు ముందుగా జారిపోతాయి. అప్పుడు ప్లేయరు మంచిది కాదని తిట్టి ఇంకా ఖరీదైంది కొంటారు. రెండు చెవులూ ఒకే కొలత ఉండాలని కూడా లేదు, ఎడమకి ఒకటి కుడికి ఒకటి పెట్టుకున్నా తప్పులేదు.

ఓములు 16, 32 అని ఉన్నవి బటన్ ఫోను కూడా సునాయాసంగా మోగిస్తుంది. 250, 300 ఓముల స్టూడియో హెడ్‌ఫోన్లు ఎవరైనా హైదరాబాదు నుంచి తెచ్చి బహుమతిగా ఇస్తే దానికి తగిలించవద్దు, దోమ పాడినట్టుంటుంది. శబ్దం వారానికి 40 గంటలు వినేవాళ్లు 80 డెసిబెల్స్ దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ప్రతి మూడు డెసిబెల్స్‌కీ ఆ గంటలు సగమవుతాయి. చేలో ట్రాక్టరు లేనప్పుడు అంత పెంచే అవసరమూ రాదు.

కాబట్టి వెయ్యిని ఇలా పంచాలి: బటన్ ఫోను కాస్త పాతదైనా సరే, కార్డు పట్టేది, మూత ఊడేది, గుండ్రటి రంధ్రం ఉన్నది. మిగిలిన డబ్బుతో తీగ ఇయర్‌ఫోన్లు ఒకటి కాదు, రెండు. తీగ పిన్ను దగ్గర తెగడం ఖాయం. తీగకి ఇంకో పుణ్యముంది: ఈ ఫోన్లలో చాలావాటికి ఎఫ్ఎం రేడియో ఏరియల్ ఆ తీగే. మార్కాపురం ఆకాశవాణి అందేదీ అందనిదీ తీగని ఎటు చాచారన్న దాని మీద ఉంటుంది. తీగ లేని బడ్సుకి ఆ భాగ్యం లేదు.

విశేషం

ఇంతవరకూ రెండు చెవుల లెక్క. చేలో ఎవరూ రెండు చెవుల్లో పెట్టుకోరని వ్యాఖ్యాతలంతా మరిచారు. కొట్లో జరిగే సంభాషణ ఇది:

“ఒక చెవిదే ఇయ్యి అబ్బాయా. రెండోది నాకేం పని?”

“రెండూ కలిసే వస్తాయి పిన్నమ్మా.”

“మేస్త్రి పిలిస్తే యెట్టా వినబడుద్ది? ఒకటి కోసేసి సగం రేటుకియ్యి.”

ఒక చెవి పాటకి, ఒక చెవి మేస్త్రికీ పక్క సాలుకీ. సాయంత్రం రోడ్డెక్కాక చీమకుర్తి రాళ్ల లారీకి కూడా అదే చెవి. సోనీ వాళ్లకి ఈ ఇంగితం 1979లోనే కలిగింది. ఒంటరిగా వినడం పక్కవాళ్లని కాదన్నట్టు ఉంటుందని అకియో మోరిటా ఇద్దరు వినేలా రెండు రంధ్రాలు పెట్టించాడు. నొక్కితే పాట తగ్గి మాట వినబడే నారింజ రంగు మీట కూడా పెట్టారు. తర్వాతి వాటిలో ఆ రెండూ పోయాయి. మన దగ్గర వదినా ఆడబిడ్డలు చెరొక బడ్డు పెట్టుకుని పంచుకుంటారు గాని, అది కూలీల ఆటోలోనే. చేలో కుదరదు. సాళ్ల మధ్య మూడడుగులుంటే, తీగ చీలే చోటి నుంచి చెవికి మూరెడే ఉంటుంది.

ఒంటి చెవికి వినేవాళ్లకి ఏ పాట నష్టం, ఏ పాట లాభం? ఘంటసాల సినిమా పాటలు దాదాపుగా అన్నీ మోనో. తర్వాత కంపెనీలు స్టీరియో మెరుగులు దిద్దినవి తప్ప, రెండు చెవుల్లోనూ ఒకటే పాట. ఒక బడ్డు జేబులో వేలాడుతున్నా ఆయన పూర్తిగా వినబడతాడు. 1989 నాటి గీతాంజలి లాంటి వాటిలో ఇళయరాజా వాయిద్యాల్ని రెండు చెవులకీ పంచాడు. ఒంటి చెవికి ఆ పంపకంలో సగం వాటానే వస్తుంది. టచ్ ఫోను సెట్టింగుల్లో ‘మోనో ఆడియో’ అని ఒక మీట ఉంటుంది, నొక్కితే రెండు వాటాలూ ఒక చెవికే కలిసి వస్తాయి. బటన్ ఫోనులో అది ఉండదు. అయినా ఫరవాలేదు. చిప్పులో పాటలు ఎక్కించే కుర్రాడితో “అబ్బాయా, కొత్తవన్నీ మోనో చేసి ఎక్కించు” అంటే చాలు. ఆడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లు చాలావాటిలో ఆ వీలుంటుంది, కిలోబిట్లూ తగ్గిస్తే కార్డులో చోటూ కలిసొస్తుంది. ఘంటసాల జోలికి మాత్రం పోవద్దని చెప్పాలి, ఆయనవి ఎలా ఉన్నవి అలా ఎక్కిస్తే సరిపోతాయి.